డాఫ్నియాపై 21 రోజుల సంతాన పరీక్ష: తరచుగా అడిగే ప్రశ్నలు

మంచినీటిలో బతికే వెన్నెముక లేని జీవులపై రసాయనాల దీర్ఘకాలిక విషప్రభావాన్ని కొలవడానికి ప్రపంచమంతటా ఎక్కువగా వాడే పరీక్ష డాఫ్నియా మాగ్నా సంతాన పరీక్ష. ప్రయోగశాలలో కొత్తగా చేరినవారు, నివేదిక చదివి నిర్ణయం తీసుకోవలసినవారు, పరిశోధక విద్యార్థులు దీని గురించి ఏటా దాదాపు అవే సందేహాలు అడుగుతున్నారు. వారు అడిగిన మాటల్లోనే ప్రశ్నలను ఉంచి, పరీక్ష సాగే దశల వారీగా ఇక్కడ జవాబులు ఇచ్చాను. ఏ ప్రశ్న దగ్గర నుంచైనా చదువుకోవచ్చు.

## మొదలుపెట్టక ముందు

48 గంటల పరీక్షలో ఒక్కటీ చావలేదు. మళ్లీ 21 రోజుల పరీక్ష ఎందుకు అడుగుతున్నారు?

48 గంటల పరీక్ష చెప్పేది ఒక్కటే: ఆ గాఢతలో పసి డాఫ్నియా రెండు రోజులు కదలగలిగిందా లేదా. అది పెరిగిందా, గుడ్లు పెట్టిందా, ఆ గుడ్ల నుంచి పిల్లలు ప్రాణంతో బయటికి వచ్చాయా అన్నది ఆ పరీక్షకు తెలియదు. డాఫ్నియా జీవితం ఒక చక్రంలా నడుస్తుంది: పిల్లలను వదులుతుంది, పాత పెంకు విడుస్తుంది, వెంటనే వీపు వెనుక సంచిలోకి కొత్త గుడ్లు చేరతాయి. ఈ చక్రంలో ఏ మెట్టును దెబ్బతీసే రసాయనమైనా తల్లిని చంపకుండానే వంశాన్ని తగ్గించగలదు. 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర తొలి పిల్లలు సుమారు ఎనిమిది నుంచి పది రోజులకు వస్తాయి, ఆ తరువాత దాదాపు మూడు రోజులకొకసారి వస్తాయి. అందువల్ల 21 రోజుల్లో నాలుగైదు ఈతలు (పిల్లలను వదిలే విడతలు) చూడగలుగుతాం. నది నీటిలో రసాయనం రెండు రోజులుండి వెళ్లిపోయే సందర్భాలు తక్కువ, వారాల తరబడి కొద్దికొద్దిగా ఉండిపోయే సందర్భాలే ఎక్కువ.

ఇన్ని జీవులుండగా డాఫ్నియానే ఎందుకు? అది మన చెరువుల్లో ఉంటుందా?

డాఫ్నియాను నీటి ఈగ అని పిలిచినా అది ఈగ కాదు, రొయ్యలు, పీతలు ఉన్న క్రస్టేషియా వర్గానికి చెందినది. శైవలాలను (నాచు లాంటి సూక్ష్మ జీవులను) వడగట్టి తింటుంది, చేపలకు ఆహారమవుతుంది. కనుక దాని సంఖ్య తగ్గితే పైకీ కిందికీ రెండు వైపులా ప్రభావం పడుతుంది. మగ జీవి అవసరం లేకుండానే పిల్లలను కంటుంది కాబట్టి పరీక్షకు జన్యుపరంగా ఒకే రకమైన జంతువులు దొరుకుతాయి. పారదర్శకంగా ఉండటం వల్ల కడుపులోని మేత, సంచిలోని గుడ్లు సూక్ష్మదర్శినిలో నేరుగా కనిపిస్తాయి.

డాఫ్నియా మాగ్నా చల్లని ప్రాంతాల జీవి. మన చెరువుల్లో మోయినా, సీరియోడాఫ్నియా కార్నూటా, డాఫ్నియా లమ్‌హోల్ట్‌జీ వంటి చిన్న జాతులు ఎక్కువగా కనిపిస్తాయి. చేపపిల్లలు పెంచే రైతులకు మోయినా బాగా తెలుసు.

డాఫ్నియా అన్ని రసాయనాలకూ సున్నితమైన జీవి కాదని మరచిపోరాదు. ఇమిడాక్లోప్రిడ్ వంటి నియోనికోటినాయిడ్ మందులను డాఫ్నియా మాగ్నా చాలా వరకు తట్టుకుంటుంది, కానీ అదే మందు దోమను పోలిన కైరోనమిడ్ కీటకాల డింభకాలను, మేఫ్లై డింభకాలను ఎన్నో రెట్లు తక్కువ గాఢతలోనే దెబ్బతీస్తుంది. కీటకనాశినిని డాఫ్నియాపై మాత్రమే పరీక్షించి నీటి జీవులకు హాని లేదని చెప్పడం నా దృష్టిలో పెద్ద పొరపాటు.

ఏ మార్గదర్శకాన్ని పాటించాలి?

రసాయనాల నమోదుకైతే ఓఈసీడీ (ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ) వారి 211వ మార్గదర్శకం, అంటే ఓఈసీడీ 211. ఇది 1998లో ప్రత్యేక మార్గదర్శకంగా వచ్చి, 2008లోను 2012లోను సవరణ పొందింది. మీ దగ్గరున్న కాపీ 2012 నాటిదేనా అని ముందు చూసుకోండి, ఎందుకంటే సంతానాన్ని లెక్కించే పద్ధతి ఆ సవరణలోనే మారింది. రసాయనం అడుగు మట్టిలో చేరేదైతే కైరోనమిడ్‌లపై 28 రోజులు చేసే ఓఈసీడీ 218, 219 పరీక్షలు ఉన్నాయి. నత్తలపై చేసే 242, 243 పరీక్షలు 2016లో వచ్చాయి.

ఐరోపాకు ఎగుమతి చేస్తున్నాం. ఇక్కడ చేసిన పరీక్షను వాళ్లు ఒప్పుకుంటారా?

జీఎల్‌పీ (మంచి ప్రయోగశాల పద్ధతి) ధ్రువీకరణ ఉన్న ప్రయోగశాలలో, ఓఈసీడీ మార్గదర్శకం ప్రకారం చేసినదైతే ఒప్పుకుంటారు. సమాచారాన్ని పరస్పరం అంగీకరించే ఓఈసీడీ ఏర్పాటులో భారతదేశానికి 2011 నుంచి పూర్తి భాగస్వామ్యం ఉంది. ఐరోపాలో రసాయనాలను నియంత్రించే రీచ్ చట్టం ప్రకారం ఒక సంస్థ ఏడాదికి 100 టన్నులు, అంతకు మించి తయారు చేసే లేదా దిగుమతి చేసుకునే పదార్థానికి నీటి అకశేరుకాలపై దీర్ఘకాలిక సమాచారం సాధారణంగా అవసరమవుతుంది. నీటిలో సరిగా కరగని పదార్థమైతే అంతకంటే తక్కువ పరిమాణంలోనే ఆ ప్రశ్న రావచ్చు, ఎందుకంటే అలాంటి పదార్థం జీవి శరీరంలోకి చేరడానికి 48 గంటలు చాలవు.

## కల్చర్, నీళ్లు, మేత

పిల్లలు 24 గంటల లోపువే కావాలని, తొలి ఈత పిల్లలు వద్దని ఎందుకంటారు?

పశువుల విషయంలో చెప్పుకునే ఈత అన్న మాటే ఇక్కడా సరిగ్గా సరిపోతుంది. తొలి ఈతలో తల్లి చిన్నది, పిల్లలు తక్కువ, వాటి పరిమాణం, బలం ఒకే తీరుగా ఉండవు. అలాంటి పిల్లలతో మొదలుపెడితే 21 రోజుల తరువాత కనిపించే తేడా రసాయనం వల్లనో పుట్టుక వల్లనో తేల్చలేము. వయసు నిబంధన కూడా అలాంటిదే. మొదటి రోజుల్లో డాఫ్నియా వేగంగా పెంకులు విడుస్తూ పెరుగుతుంది కాబట్టి ఒక రోజు తేడా కూడా తొలి ఈత తేదీని మార్చేస్తుంది. ముందురోజు సాయంత్రం కల్చర్‌లోని (ప్రయోగశాలలో పెంచే మందలోని) తల్లులను కొత్త నీటిలోకి మార్చి, మరునాడు ఉదయం అందులో ఉన్న పిల్లలను మాత్రమే తీసుకుంటే వయసు విషయంలో అనుమానమే ఉండదు.

కుళాయి నీళ్లు లేదా బోరు నీళ్లు వాడవచ్చా?

కుళాయి నీటిలోని క్లోరిన్ డాఫ్నియాకు ప్రాణాంతకం, గాలి కొట్టి దాన్ని పోగొట్టినా లోహపు గొట్టాల నుంచి వచ్చిన రాగి, జింకు మిగిలిపోతాయి. బోరు నీరు కాలాన్ని బట్టి మారుతుంది. అందువల్ల కొలిచి తయారుచేసిన నీరే మేలు. ఎలెండ్ట్ మాధ్యమాలుగా పేరున్న ఎం4, ఎం7 అందరూ వాడేవి. నీటి కాఠిన్యం కాల్షియం కార్బొనేట్ లెక్కన లీటరుకు 140 మి.గ్రా. కంటే ఎక్కువ ఉండటం మంచిది, పెంకు కట్టుకోవడానికి డాఫ్నియాకు కాల్షియం కావాలి.

ఒక్క జాగ్రత్త మాత్రం తప్పనిసరి. ఎం4, ఎం7లలో ఈడీటీఏ ఉంటుంది, అది లోహ అయాన్లను పట్టి బంధిస్తుంది. రాగి, జింకు, కాడ్మియం వంటి వాటిని ఆ నీటిలో పరీక్షిస్తే విషప్రభావం ఉన్నదానికంటే తక్కువగా కనిపిస్తుంది. లోహాలకు ఈడీటీఏ లేని మాధ్యమం ఎంచుకోవాలి.

మేత ఎంత వేయాలి? నీళ్లు పచ్చగా కనిపిస్తే చాలదా?

చాలదు. మేతను కంటితో కాదు, కార్బన్ లెక్కలో కొలవాలి: ఒక్కొక్క డాఫ్నియాకు రోజుకు 0.1 నుంచి 0.2 మి.గ్రా. కార్బన్. క్లోరెల్లా, డెస్మోడెస్మస్, రాఫిడోసెలిస్ వంటి ఆకుపచ్చ శైవలాలను వాడతారు. శైవల ద్రావణం ఎంత కాంతిని పీల్చుకుంటుందో, అందులో ఎంత కార్బన్ ఉందో ఒకసారి పక్కపక్కన కొలిచి గ్రాఫు గీసుకుంటే, తరువాత రోజూ స్పెక్ట్రోఫోటోమీటర్ అంకె నుంచే మేత లెక్క కట్టవచ్చు.

ఈ విషయాన్ని ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. నేను పనిచేసిన ఒక ప్రయోగశాలలో, శైవలాన్ని గాఢంగా చేసి ఫ్రిజ్‌లో ఎక్కువ రోజులు నిల్వ ఉంచి అదే వాడాము. రంగు పచ్చగానే ఉంది, స్పెక్ట్రోఫోటోమీటర్ అంకె కూడా మారలేదు. తొలి ఈతలు బాగానే వచ్చాయి, మూడో ఈత నుంచి కంట్రోల్ (రసాయనం కలపని) తల్లుల్లో గుడ్లు పలచబడ్డాయి. 21వ రోజున తల్లికి సగటు పిల్లల సంఖ్య కనీసం ఉండవలసిన 60కి బదులు 51 దగ్గర ఆగిపోయింది, పరీక్ష మొత్తం చెల్లకుండా పోయింది. ఆ రోజు నుంచి శైవలాన్ని సూక్ష్మదర్శినిలో చూసి, కణాలు నిండుగా, ముద్దకట్టకుండా ఉంటేనే బీకరులో వేయడం అలవాటు చేసుకున్నాను.

కల్చర్‌లో కొన్నింటి వీపు మీద నల్లటి జీను లాంటిది కనిపిస్తోంది. ఏమిటది?

అది ఎఫిప్పియం, అంటే ప్రతికూల పరిస్థితిని దాటడానికి తయారయ్యే గట్టి గుడ్ల తొడుగు. గుర్రపు జీను ఆకారంలో ఉంటుంది. కల్చర్‌లో రద్దీ పెరిగిందని, మేత తగ్గిందని, లేదా వెలుతురు, వేడి మారాయని దాని అర్థం. మగవి కూడా అప్పుడే పుడతాయి. ఆ కల్చర్ నుంచి పరీక్షకు పిల్లలను తీసుకోకండి.

## పరీక్ష నడిచే 21 రోజులు

ఎన్ని గాఢతలు, ఎన్ని జంతువులు?

కనీసం ఐదు గాఢతలు ఉండాలి, పక్కపక్క గాఢతల మధ్య నిష్పత్తి 3.2కు మించరాదు. ఉదాహరణకు లీటరుకు 0.1, 0.32, 1, 3.2, 10 మి.గ్రా. నీటిని వారంలో కొన్నిసార్లు మార్చే పద్ధతిలో ప్రతి గాఢతకూ పది, కంట్రోల్‌కు పది జంతువులు అవసరం. ఒక్కొక్కదాన్ని 50 నుంచి 100 మి.లీ. నీటిలో విడిగా ఉంచుతారు. ఒంటరిగా ఉంచడం వల్ల ఏ తల్లి ఏ రోజున ఎన్ని పిల్లలను కన్నదో స్పష్టంగా తెలుస్తుంది. బీకర్లను అల్మరాలో వరుసగా గాఢత ప్రకారం పేర్చకండి, లాటరీ పద్ధతిలో చోటు ఇవ్వండి. కిటికీ వైపు అర డిగ్రీ ఎక్కువ వేడి ఉంటే దాన్ని కూడా రసాయనం ఖాతాలో వేసుకోవలసి వస్తుంది.

రసాయనం నీటిలో కరగడం లేదు. అసిటోన్ ఎంత వరకు కలపవచ్చు?

లీటరుకు 0.1 మి.లీ. మించకూడదు, అన్ని బీకర్లలోను అంతే పరిమాణం ఉండాలి, ద్రావకం మాత్రమే కలిపిన కంట్రోల్ ఒకటి అదనంగా పెట్టాలి. ద్రావకం కలిపినంత మాత్రాన నీటిలో కరిగే హద్దు పెరగదు. ఆ హద్దు దాటిన పదార్థం తుంపరలుగా తేలి డాఫ్నియా పెంకుకు, ఈదడానికి వాడే స్పర్శశృంగాలకు అంటుకుంటుంది, అప్పుడు మీరు కొలిచేది విషప్రభావం కాదు, అంటుకుపోవడం. ద్రావకం లేకుండానే గంటల తరబడి కలియబెట్టి లేదా గాజు గోడకు పూతగా పూసి కరిగించగలిగితే అదే మేలు.

నీళ్లు ఎన్నాళ్లకొకసారి మార్చాలి? గాఢత కొలవకపోతే ఏం?

సాధారణంగా వారానికి కనీసం మూడుసార్లు. రసాయనం త్వరగా విచ్ఛిన్నమయ్యేదైతే రోజూ, అదీ చాలకపోతే నిరంతరం నీరు పారే ఏర్పాటు కావాలి. కొత్త నీటిలోను, తీసేసే పాత నీటిలోను గాఢత కొలవాలి. అది అనుకున్న విలువకు 20 శాతం అటూఇటూ లోపల నిలిచిందని తేలితేనే ఫలితాన్ని అనుకున్న గాఢతలో చెప్పవచ్చు, లేదంటే కొలిచిన సగటులోనే చెప్పాలి. కొలవకుండా ఇచ్చిన సంఖ్యతో పెద్ద ప్రమాదమే ఉంది: బీకరులో లీటరుకు 1 మి.గ్రా. పోసి, మరునాటికి అది 0.2కు పడిపోతే, ఆ రసాయనం ఉన్నదానికంటే ఐదు రెట్ల దాకా సురక్షితమని నివేదిక చెబుతుంది. మేతగా వేసిన శైవలానికి కూడా కొంత రసాయనం అంటుకుంటుందని గుర్తుంచుకోవాలి.

తల్లిని కొత్త బీకరులోకి మార్చేటప్పుడు తేలిపోతోంది. ఏం చేయాలి?

పెంకు కింద గాలి బుడగ చిక్కుకోవడమే కారణం. తేలిన డాఫ్నియా కిందికి దిగలేక, మేత అందక, ఒకటి రెండు రోజుల్లో చచ్చిపోతుంది. మూతి వెడల్పుగా ఉండి, అంచు మంటలో కాల్చి నునుపు చేసిన గాజు పిపెట్ తీసుకోండి. జంతువును తరమకండి, పిపెట్‌ను దాని కిందికి తెచ్చి, కొద్ది నీటితో పాటు మెల్లగా లోపలికి రానివ్వండి. కొత్త బీకరులో పిపెట్ కొనను నీటి మట్టం కిందికి ముంచిన తరువాతనే వదలండి. చేయి గాలిలో ఉండగా వదిలిన ఒక్క చుక్క చాలు బుడగ చేరడానికి. జంతువుతో పాటు వెళ్లే పాత నీరు ఎంత తక్కువైతే అంత మంచిది.

వెలుతురు, వేడి, గాలి సంగతి?

18 నుంచి 22 డిగ్రీల మధ్య ఒక ఉష్ణోగ్రత ఎంచుకొని, పరీక్ష పొడవునా 2 డిగ్రీలకు మించి మారకుండా చూడాలి. పదహారు గంటలు మెల్లని వెలుతురు, ఎనిమిది గంటలు చీకటి. కరిగిన ఆక్సిజన్ లీటరుకు 3 మి.గ్రా. కంటే తగ్గరాదు, బీకరులోకి గాలి మాత్రం కొట్టరాదు. మన వేసవిలో కరెంటు పోయినప్పుడు ఇంక్యుబేటర్ వేడెక్కడానికి ఎక్కువ సేపు పట్టదు. తనంతట తాను నమోదు చేసే ఉష్ణమాపకాన్ని గది గోడకు కాకుండా, అదే వరుసలో పెట్టిన ఒక నీటి బీకరులో ఉంచండి.

పిల్లలను ఎలా లెక్కపెట్టాలి?

తొలి ఈత కనిపించిన నాటి నుంచి వీలైతే రోజూ లెక్కపెట్టి తీసేయాలి, లేకపోతే పిల్లలు తల్లి మేత తినేస్తాయి. బీకరు వెనుక నల్ల కాగితం పెట్టి, పక్క నుంచి దీపం వేస్తే పిల్లలు తెల్లటి చుక్కల్లా మెరుస్తాయి. ఒక్కొక్కదాన్ని పిపెట్‌తో తీస్తూ లెక్కించండి, ఒకేసారి చూసి అంచనా వేయకండి. బతికిన పిల్లలే ప్రధాన లెక్కలోకి వస్తాయి. చనిపోయిన పిల్లలను, గర్భస్రావమైన గుడ్లను విడిగా రాయండి, ఎందుకంటే పిల్లల సంఖ్య తగ్గకముందే కొన్ని రసాయనాల జాడ అక్కడ కనిపిస్తుంది.

తల్లి మధ్యలో చనిపోతే దాని పిల్లలను లెక్కలో ఉంచాలా, తీసేయాలా?

ఎందుకు చనిపోయిందన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. మీ చేతిలో నలిగిపోయినా, లేదా గాఢతతో ఏ సంబంధమూ కనిపించని విడి మరణమైనా ఆ బీకరును విశ్లేషణ నుంచి తీసేయవచ్చు. తల్లి అనుకొని పెట్టినది మగదిగా తేలినా అంతే. గాఢత పెరిగే కొద్దీ మరణాలు పెరుగుతుంటే మాత్రం ఆ తల్లులను లెక్కలోనే ఉంచాలి, ఎందుకంటే చనిపోవడం వల్ల పుట్టకుండా పోయిన పిల్లలు కూడా రసాయనం చేసిన నష్టమే. బతికిన తల్లుల సంతానాన్ని మాత్రమే చూసే పాత పద్ధతిలో ఈ నష్టం కనబడకుండా పోయేది. 2012 సవరణ దానిని సరిచేసింది.

## ఫలితాలు వచ్చాక

మా పరీక్ష చెల్లుతుందో లేదో ఎలా తెలుస్తుంది?

కంట్రోల్‌లో 20 శాతానికి మించి తల్లులు చనిపోకూడదు. 21వ రోజు దాకా బతికిన కంట్రోల్ తల్లికి సగటున కనీసం 60 పిల్లలు పుట్టి ఉండాలి. ఈ రెండింటిలో ఏది తప్పినా పరీక్ష మళ్లీ చేయాలి. 58 వచ్చింది కదా, దగ్గరే కదా అని అడిగేవారున్నారు. మేత చాలని తల్లి రసాయనానికి ఎలా స్పందిస్తుందో, ఆరోగ్యంగా ఉన్న తల్లి ఎలా స్పందిస్తుందో ఒకటి కాదు, కనుక ఆ హద్దును సడలించడం తగదు.

ఎన్ఓఈసీ ఇవ్వాలా, ఈసీ10 ఇవ్వాలా?

కొందరు అధికారులు ఇంకా రెండూ అడుగుతున్నారు కాబట్టి రెండింటికీ సరిపోయేలా పరీక్షను రూపొందించుకోండి. నా మొగ్గు ఈసీ10 వైపే. ఎన్ఓఈసీ అంటే గణాంకపరంగా తేడా తేలని గాఢతల్లో అన్నిటికంటే పెద్దది, అది మీరు ఎంచుకున్న ఐదు గాఢతల్లో ఒకటిగానే వస్తుంది. లెక్కలు చిందరవందరగా ఉన్న నాసిరకం పరీక్షలో తేడా తేలడం కష్టం కాబట్టి ఎన్ఓఈసీ పెరిగి రసాయనం సురక్షితంగా కనిపిస్తుంది. ఈసీ10 అంటే సంతానం 10 శాతం తగ్గే గాఢత, అది మొత్తం గాఢత, ప్రభావాల వక్రరేఖ నుంచి వస్తుంది, దాని విశ్వాస అవధిని చూడగానే పరీక్ష ఎంత గట్టిదో కూడా తెలిసిపోతుంది.

తక్కువ గాఢతలో కంట్రోల్ కంటే ఎక్కువ పిల్లలు పుట్టాయి. రసాయనం మేలు చేస్తోందా?

తొందరపడకండి. ద్రావకాన్ని తిని పెరిగిన బ్యాక్టీరియా డాఫ్నియాకు అదనపు మేత అయి ఉండవచ్చు. ద్రావకం కలిపిన కంట్రోల్‌లోనూ అదే పెరుగుదల ఉందేమో చూడండి. పిల్లలు ఎక్కువైనప్పుడు వాటి పరిమాణం తగ్గిందేమో కూడా కొలవడం అవసరం.

పిల్లల సంఖ్య తగ్గింది, అందులో మగవి ఎక్కువగా ఉన్నాయి. ఇది మామూలేనా?

ఆరోగ్యంగా ఉన్న కల్చర్‌లో అన్నీ ఆడపిల్లలే పుడతాయి. రద్దీ, ఆకలి లేకుండానే మగవి పుడుతున్నాయంటే రసాయనం కీటకాల ఎదుగుదలను నడిపే జువెనైల్ హార్మోన్‌లా పనిచేస్తోందేమోనని అనుమానించాలి. పత్తిలో తెల్లదోమకు వాడే పైరిప్రాక్సిఫెన్ ఈ రకానికి చెందినది, డాఫ్నియాలో మగ సంతానాన్ని పుట్టిస్తుందని బాగా నిర్ధారణ అయింది. మగపిల్లకు తల ముందున్న చిన్న స్పర్శశృంగాలు ఆడపిల్లకంటే పొడవుగా ఉంటాయి, సూక్ష్మదర్శినిలో కొద్ది సాధనతో గుర్తుపట్టవచ్చు. పిల్లల లింగం చూడటం ఓఈసీడీ 211లో అదనపు అంశంగా ఉంది. అలాంటి మందుకు ఆ అంశం లేకుండా పరీక్ష ముగించడం సరికాదు.

ఎన్ఓఈసీ లీటరుకు 0.05 మి.గ్రా. వచ్చింది. నదిలో అంత వరకు ఉండవచ్చా?

ఉండకూడదు. ఒక ప్రయోగశాలలో, ఒక జాతిపై, మంచి మేత మధ్య వచ్చిన సంఖ్య అది. ఐరోపా పద్ధతిలో ఒకే దీర్ఘకాలిక ఫలితముంటే దాన్ని 100తో, ఆహారపు గొలుసులో రెండు స్థాయిల జీవులపై ఉంటే 50తో, శైవలాలు, డాఫ్నియా, చేప మూడింటిపై ఉంటే 10తో భాగిస్తారు. కనుక 0.05 మి.గ్రా. ఒక్కటే చేతిలో ఉంటే హద్దు 0.0005 మి.గ్రా., అంటే లీటరుకు అర మైక్రోగ్రామ్. వర్గీకరణ విషయానికొస్తే, త్వరగా విచ్ఛిన్నం కాని పదార్థానికి ఎన్ఓఈసీ 0.1 మి.గ్రా. లోపు ఉంటే అది దీర్ఘకాలిక ప్రమాదంలో మొదటి తరగతిలోకి వెళుతుంది.

ఫ్యాక్టరీ నుంచి వచ్చే నీటిని ఇలా పరీక్షించవచ్చా?

పరీక్షించవచ్చు. అమెరికాలో వ్యర్థజలాలకు సీరియోడాఫ్నియా డ్యూబియాపై సుమారు ఏడు రోజుల్లో మూడు ఈతలు చూసే పరీక్ష చేస్తారు, 25 డిగ్రీల దగ్గర జరుగుతుంది కాబట్టి మన వాతావరణానికి అది దగ్గర. మన దేశంలో వ్యర్థజలాల సాధారణ ప్రమాణం చేపలపై ఆధారపడినది: ఏమీ కలపని వ్యర్థజలంలో 96 గంటల తరువాత 90 శాతం చేపలు బతికి ఉండాలి. నాలుగు రోజులు చేప బతకడం, దిగువ చెరువులో ఏళ్ల తరబడి చిన్న జీవులు పిల్లలను కనడం ఒకటే అని ఏ రకంగానూ చెప్పలేము. ఈ ప్రమాణానికి సంతాన పరీక్షను కూడా జోడించాలన్నది నా అభిప్రాయం.

అలాగని డాఫ్నియా ఒక్కటే చాలదు. పటాన్‌చెరు దగ్గరి ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికి వచ్చిన నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 31 మి.గ్రా. వరకు ఉన్నట్లు 2007లో వెలువడిన అధ్యయనం చూపింది. సిప్రోఫ్లాక్సాసిన్ బ్యాక్టీరియాను చంపడానికి చేసిన మందు, నీటిలో దానికి అందరికంటే ముందు దెబ్బతినేది బ్యాక్టీరియా వర్గానికే చెందిన నీలి ఆకుపచ్చ శైవలాలు (సయనోబ్యాక్టీరియా). అలాంటి నీటి నమూనా మీ దగ్గరికి వస్తే డాఫ్నియా బీకర్ల పక్కన సయనోబ్యాక్టీరియా ఫ్లాస్కులు కూడా పెట్టండి, నమూనా తీసిన వెంటనే చల్లగా, చీకటిలో ఉంచి తెప్పించుకోండి, ఎందుకంటే ఈ మందు వెలుతురు తగిలితే విచ్ఛిన్నమవుతుంది.